సంతకం కింద టైము

"ఆ కాగితాలు మడిచి పెట్టెలో పడెయ్యవే. నీకు దణ్ణం పెడతాను" అంది వదినగారు, చేతిలో గొడుగు కూడా కింద పెట్టకుండా.

టైలరమ్మ వినిపించుకోలేదు. గుడ్డలు కత్తిరించే బల్ల మీద ఇవాళ గుడ్డముక్క ఒక్కటి లేదు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఆసుపత్రి కాగితాల జిరాక్సులు పరిచి ఉన్నాయి. మొత్తం నలభై ఒకటి. ఫ్యాను గాలికి ఎగరకుండా కత్తెర, సుద్దముక్కల డబ్బా, ఇస్త్రీపెట్టె, ఏది చేతికందితే అది వాటి మీద పెట్టింది.

నిన్న సాయంత్రం ఈ కట్ట చేతికి రావడానికి ఆమె ఆసుపత్రి రికార్డుల గదికి పందొమ్మిదిసార్లు తిరిగింది. మంగళవారం రమ్మన్నారు. మంగళవారం వెళితే గురువారం అన్నారు. గురువారం వెళితే తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. లాయరు నోటీసు వెళ్ళాక, గడువుకి సరిగ్గా రెండు రోజులుందనగా, ముష్టి వేసినట్టు ఇచ్చారు.

ఆపరేషన్ జరిగి రేపటికి రెండేళ్ళు. కేసు వేస్తే రేపు సాయంత్రం ఐదులోపు వేయాలి. ఆ తర్వాత కోర్టు గుమ్మంలో కూర్చుని గుండెలు బాదుకున్నా ఎవరూ తీసుకోరు.

"ఏముందే అందులో అంత కళ్ళు పోయేట్టు చూడ్డానికి?" వదినగారు ఇస్త్రీకి పెట్టిన ప్యాంట్ల దొంతర పక్కకి నెట్టి కుర్చీలో కూలబడింది. "తీసేసిన గర్భసంచి కాగితాలు తిరగేస్తే తిరిగొస్తుందా?"

"రాదు వదినా."

"మరి? ఒక పిల్ల ఉంది, దానికి పదమూడేళ్ళొచ్చాయి. ఇంకొకర్ని కనే ఉద్దేశం నీకూ లేదు. నువ్వే అన్నావు నాతో. ఇక ఆ సంచితో నీకేం పని?"

ఈ రెండేళ్ళలో ఈ ప్రశ్న అడగని వాళ్ళు లేరు. ఆసుపత్రి నర్సు అడిగింది. కన్నతల్లి అడిగింది. గుండీలు కొనుక్కోవడానికి వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషి కూడా, విషయం ఎవరో చెవిన వేస్తే, సంచీ సర్దుకుంటూ అడిగింది. టైలరమ్మకు జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది కానీ ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

"నాకు పని లేదని నేను చెప్పాలి కదా వదినా. నా బదులు ఇంకొకరు చెప్తే ఎలా?"

"అబ్బ, మళ్ళీ అదే పాట."

అదే పాట. ఎడమవైపు అండాశయం మీద నిమ్మకాయంత గడ్డ ఉందన్నారు. అది తీయించుకోవడానికి వెళ్ళింది. అది తీయడానికే సంతకం పెట్టింది, అదీ రెండుసార్లు చదివి. మెలకువ వచ్చేసరికి గడ్డతో పాటు గర్భసంచీ లేదు, రెండు అండాశయాలూ లేవు. ఎందుకు తీశారని అడిగితే సర్జన్ కళ్ళజోడు తుడుచుకుంటూ, "మళ్ళీ మళ్ళీ కొయ్యకుండా ఒకేసారి శుభ్రం చేసేశామమ్మా" అన్నాడు. ఏదో మేలు చేసినట్టు, ఈవిడ థాంక్స్ చెప్పడం మర్చిపోయినట్టు.

ముప్ఫై ఐదేళ్ళకే ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. మిషను తొక్కుతూ తొక్కుతూ ఉండగా మెడ దగ్గర నిప్పు రాజుకుంటుంది, జాకెట్టు తడిసిపోతుంది. మోకాళ్ళు అరవయ్యేళ్ళ మనిషివైపోయాయి. మెడ చుట్టూ తడిగుడ్డ చుట్టుకోనిదే పనిలో కూర్చోలేదు.

అన్నిటికంటే ఆమెకి ఒళ్ళుమండేది ఇంకొకటి. నడుము అర అంగుళం తగ్గించాలన్నా ఆమె సుద్దతో గీత గీసి, గుడ్డ తెచ్చిన మనిషిని పిలిచి, ఆ గీత మీద వేలు పెట్టించి, "ఇక్కడికే కదా?" అని అడిగి కానీ కత్తెర ముట్టుకోదు. పదిహేనేళ్ళుగా అదే పద్ధతి. మనిషి రాకపోతే గుడ్డ అలాగే ఉంటుంది. పాత కోటుకి ఆ మర్యాద ఉంది. తనకి లేకపోయింది.

వదినగారు హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కవరు తీసింది.

"కోపం తెచ్చుకోకుండా విను. ఆసుపత్రి మేనేజరు నన్ను పిలిపించాడు. పెద్దమనిషిలా మాట్లాడాడు. దీనిమీద సంతకం పెడితే నీకూ పిల్లకీ జీవితాంతం అక్కడ ఉచితంగా చూస్తారట."

"ఏమని సంతకం?"

"నాకే ఫిర్యాదూ లేదని."

"మళ్ళీ ఆ కత్తి కిందకే, ఈసారి ఉచితంగానా?"

వదినగారి మొహం మాడిపోయింది. ఆ సర్జన్ దగ్గరికి వీళ్ళని పంపింది ఆవిడే. ఆవిడ పిత్తాశయంలో రాయి తీసింది ఆయనే. ఆయన మీద మాట పడితే తన మీద పడ్డట్టే ఆవిడకి.

"అయినా తప్పంతా ఆ మహానుభావుడిదేనా?" అంది గొంతు పెంచి. "మధ్యలో బయటికొచ్చి మా తమ్ముణ్ణి అడిగాడుగా. వాడు ఒప్పుకున్నాడుగా. సంతకం పెట్టాడుగా. దెబ్బలాడదల్చుకుంటే ఇంట్లో మొగుడితో ఆడుకో. ఊరందరిలో పరువు తియ్యడం దేనికి?"

మొగుడితో దెబ్బలాట కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు. రెండేళ్ళుగా సాగుతూనే ఉంది. బస్సు డిపోలో టైమ్‌కీపరు ఆయన. బస్సు ఎన్నింటికి వెళ్ళింది, ఎన్నింటికి వచ్చింది, డ్రైవరు ఎన్నింటికి ఎక్కాడు, అన్నీ ఆయన రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. మెతక మనిషి. పొద్దున కాఫీలో చక్కెర చాలకపోయినా అడగడానికి మొహమాటపడతాడు. అలాంటి మనిషి, "అడిగారు, నీ ప్రాణం దక్కితే చాలని ఒప్పేసుకున్నాను" అన్న ఒక్కమాట పట్టుకుని రెండేళ్ళుగా కూర్చున్నాడు. ఆమె అరిచినా అదే మాట. ఏడ్చినా అదే మాట. గోడకి చెప్పుకున్నా నయం, గోడ కనీసం తిరిగి చెప్పదు.

ఆ సంతకం ఉన్న కాగితం ఇదిగో, ఇరవయ్యేడో పేజీ. ఆమె దాన్ని చూడ్డం నిన్నే మొదటిసారి. 'నా భార్యకు గర్భసంచి, అండాశయములు తొలగించుటకు నా పూర్తి సమ్మతి' అని అచ్చు. కింద ఆయన సంతకం. సమయం అన్న చోట ఎవరో గుండ్రటి చేత్తో 10.20 అని నింపారు.

నిన్నటి నుంచి ఆమెకి ఆ కాగితం మీద ఏదో కుదరడం లేదు. భుజం కుట్టు వంకరగా పడితే దూరం నుంచే తెలిసినట్టు తెలుస్తోంది కానీ, ఎక్కడో తెలియడం లేదు.

"ఏమే, నేను మాట్లాడుతుంటే..."

"ఒక్క నిమిషం వదినా."

టైలరమ్మ మెడలో వేలాడుతున్న టేపు తీసింది. ఇరవయ్యారో పేజీ పక్కన ఇరవయ్యేడు పెట్టింది. అవతల పక్క ఇరవయ్యెనిమిది. మిగతా పేజీలన్నిటికీ అడుగున ఒక సన్నగీత, దాని కింద ఆసుపత్రి ఫోను నంబరు ఉన్నాయి. ఇరవయ్యేడులో గీత లేదు, నంబరు లేదు. సంతకం చివరి అక్షరం తోకతోనే సరి, ఆ కింద తెల్లగా ఉంది. టేపు పెట్టి కొలిచింది. అంగుళంపావు తక్కువ.

"ఈ పేజీ జిరాక్సు తీసేటప్పుడు అడుగున ఏదో అడ్డం పెట్టారు" అంది.

"పెడితే పెట్టారు. ఫోన్ నంబరుకి కూడా కేసేస్తావా?"

టైలరమ్మకి ఇప్పుడు తెలిసింది. ఇంట్లో ఎవరూ పట్టించుకోరు కానీ ఆయనకొక అలవాటుంది. పాతికేళ్ళ డిపో ఉద్యోగం తెచ్చిపెట్టిన అలవాటు. ఎక్కడ సంతకం పెట్టినా కింద టైము వేస్తాడు. కొరియరు చీటీ మీద వేస్తాడు. పిల్ల ప్రోగ్రెస్ కార్డు మీద వేస్తాడు. టీచరు పిలిచి ఇదేమిటని కూడా అడిగింది. పెళ్ళినాడు రిజిస్టరాఫీసులో సంతకం పెట్టి కింద 11.05 అని వేస్తే గుమాస్తా నవ్వాడు.

ఈ కాగితం మీద ఆ టైము లేదు.

* * *

టైమ్‌కీపరు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అక్కగారి గొడుగు చూశాడు, బల్ల మీద కాగితాలు చూశాడు, మళ్ళీ చెప్పులు వేసుకుందామా అన్నట్టు ఒక క్షణం నిలబడ్డాడు.

"రారా, నువ్వైనా చెప్పు దీనికి" అంది వదినగారు.

"ఏం చెప్పాలి?"

"ఏవండీ, ఇటు రండి" అంది టైలరమ్మ. గొంతు మామూలుగానే ఉంది. ఆయన భయపడింది అందుకే. "ఇది మీ సంతకమేనా?"

వంగి చూశాడు. "నాదే."

"కింద టైము వెయ్యలేదే?"

"ఏమో. ఆ కంగారులో మర్చిపోయుంటాను."

"పెళ్ళిలో మర్చిపోలేదు. మీ నాన్నగారు పోయినప్పుడు శ్మశానంలో కాగితం మీద కూడా మర్చిపోలేదు, నా కళ్ళతో చూశాను. ఆ రోజు మర్చిపోయారా?"

ఆయన చేతిసంచీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"మంచినీళ్ళయినా తాగనియ్యవే వాణ్ణి" అంది వదినగారు.

"తాగమనండి. ఎవరొద్దన్నారు? తాగి చెప్పమనండి. ఆ పేజీ అడుగున ఏం దాచారు?"

"నేనేం దాచలేదు."

"మీరు కాదు, వాళ్ళు. జిరాక్సు తీసినవాళ్ళు. మీరు రాసిందేదో కనపడకుండా మూశారు. ఏం రాశారు?"

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి పాట్లు పడుతున్నారు. అది ఏడుసార్లు దగ్గి ఎనిమిదోసారి కదిలింది.

"పన్నెండూ పది" అన్నాడు టైమ్‌కీపరు.

టైలరమ్మ బల్ల మీది కాగితాల్లోంచి ఇంకొకటి లాగింది. ఆపరేషన్ గదిలో రాసుకున్న కాగితం. గర్భసంచి తొలగింపు, 10.45. ఇందాకటి నుంచీ ఆ అంకె ఆమె కళ్ళముందే ఉంది.

"అంటే తీసేసిన గంటన్నరకి సంతకం పెట్టించుకున్నారు."

"ఊ."

"మరి మధ్యలో అడిగారన్నారు?"

ఆయన చేతిసంచీ తీసి కింద పెట్టాడు.

"రెండేళ్ళ నుంచి చెప్తున్నారు. అడిగారు, ఒప్పుకున్నాను, నీ ప్రాణం కోసం ఒప్పుకున్నాను. ఎవరడిగారు? ఎన్నింటికి అడిగారు?"

"ఎవరూ అడగలేదు. అంతా అయ్యాక బయటికొచ్చి, మామూలు కాగితమే, అందరూ పెడతారన్నారు. చదవకుండా పెట్టేశాను."

టైలరమ్మకి మెడ దగ్గర మంట లేచింది. ఒంట్లో ఆవిరో, కోపమో తెలియలేదు. తడిగుడ్డతో మొహం తుడుచుకుంది.

"అలాగని చెప్పొచ్చుగా. నేను లేచి అడిగిన మొదటి రోజే చెప్పొచ్చుగా. ఆ లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పలేదు, నేను బయట బల్ల మీద కూర్చునే ఉన్నాను అని ఒక్క ముక్క..."

ఆమె ఆగిపోయింది. ఆయన తల ఎత్తలేదు. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆ తల ఎంత కిందికి దిగితే ఎంత తప్పు చేశాడో ఆమె చెప్పగలదు.

"బయట బల్ల మీద ఉన్నారా, లేదా?"

"లేను."

"ఎక్కడున్నారు?"

"డిపోలో."

వదినగారు అప్పటిదాకా పట్టుకునే ఉన్న గొడుగు వదిలేసింది.

ఆ రోజు ఆపరేషన్ గది తలుపు దగ్గర స్ట్రెచరు ఆపినప్పుడు టైలరమ్మ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని, "ఇక్కడే ఉండండి, ఎక్కడికీ వెళ్ళకండి" అంది. "ఎక్కడికెళ్తాను, ఇక్కడే ఉంటా" అన్నాడు. మత్తు ఎక్కేదాకా ఆమె ఆ మాటే పట్టుకుని పడుకుంది. అప్పుడు తొమ్మిది.

"తొమ్మిదింపావుకి ఫోనొచ్చింది" అన్నాడు ఆయన, నేలకి చెబుతున్నట్టు. "నా బదులు డ్యూటీ చేయాల్సినవాడు రాలేదు. బండి చెడిపోయిందట. సంతకం లేనిదే బస్సు కదలదు. పన్నెండు బస్సులు ఆగిపోయాయి, జనం గోల. డిపో అక్కడికి పది నిమిషాలేగా. రెండు బస్సులు పంపించి వచ్చేద్దామనుకున్నా. వాడొచ్చేసరికి పదకొండున్నరయింది."

"బస్సులు పంపడానికెళ్ళారు."

"తప్పే."

"నన్ను కోస్తుంటే బస్సులు పంపుతున్నారు."



టైలరమ్మ వెళ్ళి మిషను ముందు కూర్చుంది. లాయరమ్మ నల్లకోటు అస్తరు చేతికింద ఊడింది, ఐదింటికి వచ్చి తీసుకెళ్తానంది. సూదిలో దారం ఎక్కించి తొక్కడం మొదలుపెట్టింది. తొక్కుతూనే ఉంది. కుట్టు పూర్తయ్యాక కూడా దాని మీదే ఇంకోసారి వేసింది. ఆపితే ఏం అంటుందో ఆమెకే భయంగా ఉంది.

రెండేళ్ళుగా ఆయన్ని పట్టుకుని తిట్టింది, తన ఒంటి సంగతి నిర్ణయించడానికి నువ్వెవరని. ఆ తిట్లన్నీ ఆయన పడ్డాడు. తప్పుడు నేరానికి తిడుతుంటే, అసలు నేరం బయటపడకుండా ఉంటే చాలని నోరు మూసుకుని పడ్డాడు.

"ఆ అబద్ధమెందుకు?" అంది మిషను ఆపి, వెనక్కి తిరగకుండా.

"నీ ప్రాణం కోసం ఒప్పుకున్నానంటే, కోపమొచ్చినా, అక్కడున్నాడు, ఏదో ఒకటి తేల్చుకున్నాడు అనుకుంటావు" అన్నాడు. "అసలు లేనంటే ఏమనుకుంటావు?"

ఆమె దారం కొరికి, కోటు మడత పెట్టింది.

* * *

లాయరమ్మ ఐదుకి వస్తానని ఐదూ పదికి వచ్చింది. కోటు అద్దంలో చూసుకుంటూనే సగం సంగతి విన్నది. మిగతా సగం వింటూ వింటూ కోటు విప్పి కుర్చీ మీద పడేసి, బల్ల ముందు నిలబడింది.

"ఈ ముక్క నాకు ఇవాళ చెప్తారా? రేపు పదింటికి దాఖలు పెట్టుకుని?"

"నాకే ఇవాళ తెలిసింది" అంది టైలరమ్మ.

"ఏమ్మా, లాయరుగారూ" వదినగారు అందుకుంది. "మొగుడు సంతకం పెట్టాక ఇంకా కేసేమిటి? ముందు పెడితేనేం, తర్వాత పెడితేనేం?"

"ముందు పెట్టినా చెల్లదమ్మా" అంది లాయరమ్మ. "ఈవిడ చిన్నపిల్ల కాదు, మతిలేని మనిషి కాదు. రెండు గంటలు ఆగితే మెలకువ వచ్చేది, అడిగేవాళ్ళు. ఆ క్షణాన చెయ్యకపోతే ప్రాణం పోతుందంటే తప్ప, ఒప్పుకున్నదానికి మించి ఒక్క గాటు పెట్టకూడదు. వాళ్ళు చెప్పబోయేది కూడా అదే. ప్రాణం మీదికొచ్చింది, పది ఇరవైకి భర్తని పిలిచి చెప్పాం, ఆయన సరేనన్నాడు అని. ఆ పది ఇరవై అబద్ధమని తేలిందా, ప్రాణం మీదికొచ్చిందన్న మాటని కూడా ఎవరూ నమ్మరు."

"తేలితే ఆ డాక్టర్ని జైల్లో పెడతారా?"

"అది పోలీసు కేసు. ముందు వేరే డాక్టర్లు తప్పని రాసివ్వాలి, ఏళ్ళు పడుతుంది. ఈవిడ అది వద్దంది. వినియోగదారుల ఫోరంలో పరిహారం కేసు రేపు వేస్తున్నాం. లైసెన్సు సంగతి చూడమని మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు విడిగా వెళ్తుంది." లాయరమ్మ టైమ్‌కీపరు వైపు తిరిగింది. "ఆ రోజు డిపో రిజిస్టర్లో మీ సంతకాలున్నాయా?"

"పన్నెండున్నాయి. మొదటిది తొమ్మిదీ నలభై ఐదు. చివరిది పదకొండూ ఇరవై ఐదు."

"టైముతో సహా?"

"టైము రాయడమేగా నా ఉద్యోగం."

"ఆ రిజిస్టరు ఇంకా ఉందా?"

"ఉంది. నేనే అట్టవేసి బీరువాలో పెట్టాను. కానీ ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. సెలవులో ఉన్నవాడు రిజిస్టర్లో సంతకం పెట్టకూడదు. బయటపడితే సస్పెండ్ చేస్తారు. ఉద్యోగమే పోవచ్చు. నాదీ, రానివాడిదీ."

"చూశావా?" వదినగారు లేచి నిలబడింది. "ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది వాడికి. పోయినదానికోసం ఉన్నదాన్ని పోగొట్టుకుంటారా ఎవరైనా? ఒరేయ్, నువ్వేం చెప్పలేదు, మేమేం వినలేదు. ఈ కవరులో కాగితం మీద ఇది సంతకం పెడుతుంది, ఇంతటితో సరి."

లాయరమ్మ ఆవిణ్ణి పట్టించుకోలేదు. టైలరమ్మని కొంచెం పక్కకి పిలిచింది. ఆ గదిలో పక్కకి పిలిచినా అందరికీ వినపడుతుంది.

"ఆయన ఒప్పుకోనక్కర్లేదు. కోర్టు ద్వారా ఆ రిజిస్టరు తెప్పించమని నేనే అర్జీ పెడతాను. మీరు ఊ అంటే చాలు."

ఊ అంటే చాలు. టైలరమ్మ బల్ల మీద కత్తెర వైపు చూసింది. ఆయన మీద ఉన్న కోపానికి, ఇప్పుడు ఊ అనడం కంటే సుఖమైన పని లేదనిపించింది. అక్కడ లేనివాడి అనుమతి ఇక్కడ దేనికి? బస్సులు పంపుకోమను.

"ఆయన్ని అడగాలి" అంది.

"అడిగితే వద్దంటాడు" అంది వదినగారు వెంటనే.

"అనొచ్చు."

"అంటే ఏం చేస్తారు?" అంది లాయరమ్మ. ఆవిడకీ విసుగొచ్చింది. "రేపు సాయంత్రానికి గడువు తీరిపోతుంది. ఆయన తనంతట తాను వాంగ్మూలం ఇస్తే బలం, కాదనను. కానీ టైపిస్టు ఆరింటికి తలుపు మూస్తాడు. ఇప్పుడు ఐదూ ఇరవై."

"మీరు రాయండి. రాసి ఆయన చేతికివ్వండి."

లాయరమ్మ కాగితాలు తీసుకుని బల్ల మీద ఖాళీ చేసుకుని గబగబా రాసింది. మధ్యమధ్య తల ఎత్తకుండా, ఎన్నింటికి, ఎవరు ఫోన్ చేశారు, కాగితం ఎవరిచ్చారు అని అడుగుతోంది. ఆయన చెబుతున్నాడు. నిమిషాలతో సహా చెబుతున్నాడు. మూడు పేజీలయింది. చివర సంతకానికి చోటు వదిలింది.

టైలరమ్మ ఆ మూడు పేజీలూ తీసుకుని ఆయన ముందు పెట్టింది. పక్కన కలం పెట్టింది.

"చూడండి. నన్నెవరూ అడగలేదు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను. దీనివల్ల మీకేం పోతుందో మీకే బాగా తెలుసు. నాకేం పోయిందో కూడా తెలుసు. పెట్టాలనుకుంటే పెట్టండి, వద్దనుకుంటే వద్దనండి. మీ బదులు నేను ఊ అనను."

"వద్దన్నానే అనుకో" అన్నాడు ఆయన మెల్లగా. "ఏం చేస్తావు?"

"తెలీదు."

నిజంగానే తెలీదు. వద్దంటే తను ఈ మాట మీద ఉంటుందో ఉండదో, రేపు పొద్దున లాయరమ్మకి ఫోన్ చేసి ఊ అంటుందో, అదీ తెలీదు. ఆ మాట దాచకుండా ఆయన మొహంలోకే చూసింది.

"ఒరేయ్, కలం ముట్టుకున్నావంటే నేనీ గుమ్మం తొక్కను" అంది వదినగారు.

టైమ్‌కీపరు కలం ముట్టుకోలేదు. అలవాటుగా గోడ గడియారం వైపు చూశాడు. ఐదూ ముప్ఫై ఐదు. తర్వాత భార్య వైపు చెయ్యి చాపాడు.

"నా కళ్ళజోడు ఇలా ఇవ్వు" అన్నాడు. "చదవాలి."

పద్దెనిమిదేళ్ళలో ఆయన సంతకానికి ముందు చదివిన కాగితం ఆమె చూడలేదు. చదవడానికి ఇవాళే దొరికింది ఆయనకి. అదీ లాయరమ్మ రాత, వాన కురిసినట్టు అన్నీ ఏటవాలు గీతలు. కళ్ళజోడు తెచ్చి ఇచ్చింది. తుడిచి పెట్టుకున్నాడు. మొదటి వాక్యం కింద వేలు పెట్టాడు. పెదాలు కదుపుతూ, ఒక్కొక్క మాటే చదువుకుంటూ, అర్థం కాని చోట ఆగి, "ఇదేమిటి?" అని లాయరమ్మని అడిగి, మళ్ళీ మొదటికి వెళ్ళి చదువుతున్నాడు.

ఐదూ నలభై. లాయరమ్మ కోటు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడింది. వదినగారు తమ్ముడి వేలు వైపే చూస్తోంది. ఐదూ నలభై నాలుగు. వేలు మొదటి పేజీలో సగానికి వచ్చింది.

చదివింది చాలు, పెట్టండి అనే మాట టైలరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మామూలు కాగితమే, అందరూ పెడతారు. ఆ మాట కూడా వచ్చింది. రెండూ మింగేసి, మెడ మీద తడిగుడ్డ తిప్పి వేసుకుని, ఆయన ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆయన నాలుక మీద వేలు తడి చేసుకుని పేజీ తిప్పాడు.